బూడిద బండి వెళ్ళే దారి

ఫువాతినో పరుపు మీంచి లేవనని కూర్చుంది.

ఆవిడ లేస్తే గానీ చాప బయటికి రాదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పెద్ద సన్నచాప, ఆవిడ పెళ్ళినాటిది, ఆ పరుపు కిందే ఇన్నేళ్ళుగా చదునుగా పడి ఉంది. తమ్ముడు ఫిలేము గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి అడుగుతున్నాడు. అడగడం అతనికీ విసుగు పుట్టించింది, కాదనడం ఆవిడకీ విసుగు పుట్టించింది. అయినా ఇద్దరూ ఆపలేదు.

ఫిలేము కూతురు మరేటా ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఇంట్లో పరిస్థితి ఇదీ. మెడలో వేలాడుతున్న ఆసుపత్రి కార్డు తీసి సంచి అడుగున పడేసింది. నిన్నటి నుంచీ ఆ కార్డు ఇంట్లో ఎవరి కంటా పడకూడదనిపిస్తోంది.

"రావమ్మా యంత్రాల పిల్లా," అంది మేనత్త. "నీ చెత్తడబ్బా ఏమంటోంది? మాయని మింగి అరిగించుకుందా?"

మరేటా సంచి గోడకి తగిలించింది.

"అడుగుతున్నది నిన్నే. ఆ తుయాలా ఇంటి మొదటి మనవరాలితో పాటు పుట్టిన మాయ అది. దాన్ని పూడ్చడానికి సీమపనస మొక్క పక్కన గుంట తవ్వుకుని కూర్చున్నారు వాళ్ళు. మీరేమో కొలిమిలో వేసి కాల్చేశారు. ఇప్పుడు నా చాప కావాలట."

"డబ్బా తప్పేం లేదట, అత్తా," అంది మరేటా. ఆ మాట తనది కాదు. పొద్దున సూపరింటెండెంటు అందరి ముందూ అన్నది. తన నోట వినేసరికి ఇంకా చప్పగా ఉంది.

"అయితే ఇంకేం? తప్పులేని డబ్బానే తీసుకెళ్ళి వాళ్ళ వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చోబెట్టండి."

"డబ్బాకి మోకాళ్ళు లేవక్కా," అన్నాడు ఫిలేము. "ఉన్నది లోసాకి."

లోసా మరేటా తల్లి. ప్రసూతి వార్డు ఊడ్చడం మొదలుపెట్టినప్పటికి మరేటా ఇంకా పుట్టలేదు. ఇప్పుడు వెనక వంటపాక గట్టు మీద కూర్చుని, చెంచా అంచుతో చేమదుంపల తొక్క గీస్తోంది. గదిలో మాటలన్నీ ఆమెకు వినిపిస్తున్నాయి. చెంచా చప్పుడు మాత్రం ఎక్కడా తప్పడం లేదు.

పొద్దున సూపరింటెండెంటు గదిలో ఆమె ఒక్కటే మాట చెప్పింది. నా చేతి పొరపాటు, అంది. ఎలా జరిగిందని అడిగితే మళ్ళీ అదే అంది. తేలేదాకా ఇంటి దగ్గర ఉండమన్నారు. ఆ గదిలోనే, కిటికీ పక్క కుర్చీలో, మరేటా కూర్చుని ఉంది. డబ్బాలు తయారుచేసి ఆక్లండ్ నుంచి వచ్చిన కంపెనీ వాళ్ళు అటూ ఇటూ ఉంటే, ఒక్క మాటా మాట్లాడలేదు.

"పాపకి జ్వరం వచ్చింది," అంది మరేటా ఉన్నట్టుండి.

చెంచా చప్పుడు ఆగిపోయింది.

"ఎప్పటి నుంచి?" ఫిలేము అడిగాడు.

మధ్యాహ్నం నుంచి, అంది. మందు పెట్టారు. డాక్టరు కంగారు లేదంటున్నాడు. కానీ వార్డు బయట తుయాలా చుట్టాలు ఇంకో మాట అనుకుంటున్నారు. అక్కడ మాయ కాలింది, ఇక్కడ బిడ్డ ఒళ్ళు కాలుతోంది అని. నిన్న తుయాలా పెద్దాయన మాయని తీసుకెళ్ళడానికి కొత్తగా అల్లించి తెచ్చిన బుట్ట ఇంకా బెంచీ మీదే ఉంది. సంగతి చెప్పగానే ఆయన ఏమీ అనలేదు. బుట్టని బెంచీ మీద పెట్టేసి, నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ చేతులు రావడం లేదు.

"తిట్టి ఉంటే బాగుండేది," అన్నాడు ఫిలేము. "తిట్టినవాడితో రేపు మాట్లాడొచ్చు."

ఫువాతినో లేచింది. ఎవరి వైపూ చూడకుండా పరుపు అంచు పట్టుకుంది. ఇటు రా, ఒక పక్క ఎత్తు అన్నట్టు తమ్ముడికి గడ్డంతో సైగ చేసింది. చాప బయటికొచ్చింది. పట్టులా మెత్తగా, తేనెరంగులో, అంచుకి పాలిపోయిన ఎర్ర ఈకలతో.

"నన్ను పూడ్చేటప్పుడు కప్పాల్సిన చాప ఇది," అంది ఆవిడ. "రేపు వాళ్ళు దీన్ని ఉంచేసుకుంటారు. ఉంచుకోవాలి కూడా. ఉంచుకుంటేనే క్షమించినట్టు. సరే. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆ ఇంటి పెద్ద తన చేత్తో మీ తలల మీంచి చాప ఎత్తేదాకా ఎవరూ కదలకూడదు. మా అత్తింటి పక్కవాళ్ళు ఒకసారి ఇలాగే చాప కప్పుకుని క్షమాపణ అడిగే ఇఫోగాకి వెళ్ళి, వాన పడిందని మధ్యలో లేచొచ్చారు. వాళ్ళ మనవల్ని కూడా ఇవాళ్టికీ ఏమంటారో తెలుసా? వానకి కరిగే మోకాళ్ళ వాళ్ళు అంటారు. క్షమాపణ అడగడానికి వెళ్ళి మధ్యలో లేవడం కంటే వెళ్ళకపోవడమే మేలు. లేచావంటే వెక్కిరించడానికి వచ్చినట్టే."

ఎవరూ లేవరని ఫిలేము మాటిచ్చాడు.

*

సాయంప్రార్థన గంట మోగింది. ఊరంతా ఒక్కసారిగా నోరు మూసుకుంది. దారిన పోయేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. నలుగురూ చాపల మీద కాళ్ళు మడిచి కూర్చున్నారు.

ఫిలేము ప్రార్థన ఎప్పుడూ పొడుగే. ఇవాళ ఇంకా పొడుగు. తుయాలా ఇంటి బిడ్డ కోసం అడిగాడు, బిడ్డ తల్లి కోసం అడిగాడు. చివరికి, నా భార్య చెయ్యి చేసిన తప్పు మా అందరి తప్పుగా రాసుకో తండ్రీ, అన్నాడు.

మరేటా కళ్ళు తెరిచింది. ఎదురుగా తల్లి కళ్ళు అప్పటికే తెరుచుకుని ఉన్నాయి. తననే చూస్తున్నాయి. వద్దు అన్నట్టు లోసా కొద్దిగా తల ఆడించి, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

తిండి ఎవరికీ సయించలేదు. కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు గిన్నెలో అలాగే ఉండిపోయింది. ఫిలేము బండి అడగడానికి పక్కింటికి వెళ్ళాడు. లోసా గిన్నెలు తీసుకుని వంటపాకలోకి వెళ్ళింది. వెనకే మరేటా వెళ్ళింది.

లోసా తోమింది, మరేటా కడిగింది.

"అమ్మా, అసలెలా జరిగిందో చెప్పు."

"చెప్పానుగా పొద్దున."

"అది వాళ్ళకి చెప్పావు."

లోసా గిన్నె బోర్లించింది. చెప్పడానికి పెద్దగా ఏమీ లేనట్టే చెప్పింది. మాయని ఐస్‌క్రీము డబ్బాలో పెట్టి, గుడ్డ చుట్టి, ఎప్పటిలాగే ఇంటివాళ్ళకి అప్పజెప్పడానికి చేతుల్లో పట్టుకుని వస్తోంది. అంతలో తలుపు దగ్గర తుయాలా పెద్దాయన బెంచీ మీద కూర్చుని కనిపించాడు. పెద్దవాళ్ళ ముందు నుంచి నిటారుగా ఎలా వెళ్తారు? వంగి, చెయ్యి నేలవైపు దించి, తులో తులో, మన్నించండి, అంటూ వెళ్ళాలి. మాయని పట్టుకున్న చేత్తో అది కుదరదు. నేల మీద పెడితే మాయకి మర్యాద కాదు. పక్కనే కొత్త చెత్తయంత్రం, నడుమెత్తున, తెల్లగా, మెరుస్తూ ఉంది. దాని మీద పెట్టింది. వంగింది. చెయ్యి దించింది.

"దించిన చెయ్యి చూసి అది నోరు తెరిచింది," అంది లోసా. "అంతే."

మరేటాకి అర్థమైంది. మూతని చేత్తో ముట్టుకోకుండా తెరవాలి కనక ముందుభాగంలో సెన్సార్ పెట్టారు. దాని ముందు చెయ్యి పైనుంచి కిందికి కదిలితే మూత పక్కకి జరుగుతుంది. ఆ కదలికని ఎంచింది తనే. చెయ్యి పైకి ఎత్తాలా, కిందికి దించాలా అని కంపెనీ వాళ్ళు అడిగితే, దించడమే మావాళ్ళకి అలవాటు అని నవ్వుతూ చెప్పింది.

వార్డు ఆడవాళ్ళు ఆ యంత్రానికి పాస్టరుగారని పేరు పెట్టారు. ఎవరు దగ్గరికొచ్చినా నోరు తెరుస్తారు, తీసుకున్నది తిరిగివ్వరు అని వాళ్ళ వేళాకోళం. విని మరేటా కూడా నవ్వింది. యంత్రంలో మూడు అరలున్నాయి. మామూలు చెత్త ఒకదాంట్లో, సూదులు ఒకదాంట్లో, మనిషి ఒంటి నుంచి తీసినవి ఒకదాంట్లో పడాలి. లోపలి కెమెరా చూస్తుంది, కింద త్రాసు తూస్తుంది, ఏ అరలోకి నెట్టాలో అదే తేల్చుకుంటుంది. మూడో అరలో ఏదైనా పడితే తాళం పడిపోతుంది. ఆ తర్వాత దాన్ని తెరిచేది కొలిమి గదిలోనే. లేదా మరేటా కార్డుతో.

అందుకే లోసా ఫోన్ చేసింది.

"నువ్వు పిలిచావు కదా అమ్మా. ఆ సంగతి ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికి చెప్పను?"

"నేను రానన్నానని చెప్పొచ్చుగా."

"రానని ఎక్కడన్నావు? ఇప్పుడు కాదన్నావు."

నిజమే. ఇప్పుడు కాదమ్మా, పైన తనిఖీవాళ్ళున్నారు అంది. తాళం పడ్డ అరని మధ్యలో తెరిస్తే తెరమీద ఎర్రగా వెలుగుతుంది. అది వెలగకూడని రోజు అది. ఇంకో రెండు ద్వీపాల ఆసుపత్రుల్లో ఈ యంత్రాలు పెట్టాలా వద్దా అన్నది ఆ రోజే తేలాలి. వాళ్ళు వెళ్ళాక తెరుస్తాను అనుకుంది. వాళ్ళు వెళ్ళలేదు, భోజనానికి రమ్మన్నారు. భోజనం దగ్గర అందరూ తన పనిని మెచ్చుకున్నారు. తల్లి ఫోన్ సంగతి మరేటాకి మళ్ళీ గుర్తొచ్చింది తెరమీద ఆకుపచ్చ గుర్తు పడ్డాకే. పూర్తయింది, అని ఉంది.

మరిచిపోయింది. పొద్దున నోరు విప్పకపోవడం కంటే, భయపడడం కంటే అదే ఆమెని ఎక్కువ తినేస్తోంది.

"రేపు నాన్నతో చెప్పేస్తాను," అంది.

"చెప్పి?"

"చెప్పి, నేనే కూర్చుంటాను."

లోసా చేతులు తుడుచుకుని గట్టు మీద చతికిలబడింది. ఒక్కసారిగా చాలా ముసలిదానిలా కనిపించింది.

"నా చేతిలో ఉన్నది చీపురు. అది పోతే ఇంకో చీపురు దొరుకుతుంది. నీ చేతిలోది పోతే ఆ డబ్బాని ఎవరికో అప్పజెప్తారు. మాయ అంటే ఏంటో తెలియనివాళ్ళకి. నువ్వు ఉండబట్టి కనీసం దాన్ని విడిగా కాలుస్తున్నారు."

"అమ్మా..."

"అలిసిపోయానే తల్లీ. రేపు మోకాళ్ళ మీదైనా కాసేపు కూర్చోనీ నన్ను. ఎవరూ ఏ పనీ చెప్పరు అక్కడ."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఎవరూ నవ్వలేదు.

*

తెల్లవారకముందే బండి కొండదారి పట్టింది. ముందు ఫిలేము, లోసా. వెనక తొట్టిలో చాపని ఒళ్ళో పెట్టుకుని ఫువాతినో, పక్కన మరేటా, కాళ్ళ దగ్గర వంట పనికి వంటచెరుకు కట్టలు, ఆకులు, రాళ్ళు. మమ్మల్ని వండుకు తిన్నా మీ ఇష్టమే అని చెప్పడానికి తీసుకెళ్ళేవి అవి. ఈ కాలంలో ఎవరూ ఎవర్నీ వండరు. అయినా తీసుకెళ్ళకపోతే మర్యాద కాదు.

"ఫోన్ బండిలోనే వదిలేయ్," అంది ఫువాతినో. "చాప కింద మోగితే నా పరువు పోతుంది."

మరేటా దాన్ని తొట్టి మూలన పెట్టేసింది.

తుయాలా ఊరు కొండదారికి ఆనుకునే ఉంది. ఆ దారి ఊరు దాటి పైకి, చెత్త పూడ్చే మైదానానికి పోతుంది. ఇంటి ముందు పచ్చిక మంచుకి తడిసి ఉంది. చుట్టూ తడికలు దింపేసి ఉన్న పెద్ద ఇల్లు. ఒక పక్కన చిన్న సీమపనస మొక్క, దాని పక్కనే తవ్విపోసిన నల్లమట్టి కుప్ప.

మరేటా ఆ కుప్పని చూసి ఆగిపోయింది.

"పద," అన్నాడు తండ్రి గుసగుసగా. "వెలుతురు రాకముందే కూర్చోవాలి. నువ్వు అత్త పక్కన, వెనకాల. చాప కింద నేనూ మీ అమ్మా."

"నేను కూడా చాప కిందే నాన్నా."

"నీకేం పని అక్కడ?"

లోసా కూతురి చెయ్యి పట్టుకుంది. మరేటా విడిపించుకుంది.

"అమ్మ నాకు ఫోన్ చేసింది. తాళం తియ్యమని. నేను వెళ్ళలేదు. తీసి ఉంటే మాయ దొరికేది."

ఫిలేము కూతురి ముఖంలోకి చూశాడు. తర్వాత భార్య ముఖంలోకి చూశాడు. లోసా తలదించుకుంది. నిన్న సాయంత్రం ప్రార్థనలో తను ఎవరి చెయ్యి పేరు చెప్పాడో అతనికి గుర్తొచ్చినట్టుంది. కొండ మీద అప్పుడే బూడిదరంగు వెలుతురు పాకుతోంది. తిట్టడానికి కూడా సమయం లేదు.

వంగి, చాప అంచు ఎత్తి పట్టుకున్నాడు. మధ్యలో ఖాళీ వదిలాడు.

మరేటా మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక పక్క తండ్రి, ఒక పక్క తల్లి. తలలు దించారు. మీద చాప పడింది.

చాప కింద అంతా తేనెరంగు చీకటి. పాత ఆకుల వాసన, అత్త పరుపు వాసన, ముగ్గురి ఊపిరి. వెనక ఫువాతినో వంటచెరుకు సర్దుతున్న చప్పుడు వినిపించి ఆగిపోయింది. ఎక్కడో కోడి కూసింది. ఇంట్లోంచి దగ్గు వినిపించింది. మనుషులు లేచారు. తమని చూశారు. తడిక ఒక్కటీ లేవలేదు.

ఎండెక్కింది. మొదట వీపు మీద వెచ్చగా, తర్వాత వేడిగా, తర్వాత మోయలేనంతగా. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నట్టు తెలుస్తోంది. పిల్లలెవరో కిసుక్కుమంటే పెద్దలెవరో కసిరారు. మరేటా కాళ్ళు ముందు నొప్పెట్టాయి, తర్వాత మొద్దుబారాయి. తండ్రి చెమట బొట్లుబొట్లుగా పచ్చిక మీద పడుతోంది. తల్లి ఊపిరి మాత్రం నిద్రలో ఉన్నట్టు నిదానంగా ఉంది.

చాప అంచు దగ్గర రెండు పాదాలు వచ్చి ఆగాయి. చెప్పుల్లేని, మడమలు పగిలిన, ఆడమనిషి పాదాలు.

చాప ఎత్తలేదు. ఆ మనిషి అక్కడే పచ్చిక మీద కూర్చుంది. తుయాలా భార్య మసీనా. పాప నాయనమ్మ.

ఫిలేము గొంతు సవరించుకుని ఇఫోగా మాటలు మొదలుపెట్టాడు. మీ గౌరవం ముందు మా తలలు మట్టి, మీ ఇంటి కొమ్మని మా చేతులు విరిచాయి...

"ఆ మాటలు ఆయనకి చెప్పుకో నాయనా," అంది మసీనా. గొంతులో కోపం లేదు. రెండు రాత్రులు నిద్రలేని గొంతు అది. "మిమ్మల్ని క్షమించాలో వద్దో ఆయన చూసుకుంటాడు. నాకు వేరే సంగతి కావాలి. లోపల ఆసుపత్రి మనిషి ఎవరు?"

"నేనే," అంది లోసా.

"నేనూ," అంది మరేటా.

మసీనా చాప దగ్గరికి జరిగింది.

"అయితే ఎవరైనా చెప్పండి. కాలాక ఏం మిగులుతుంది?"

చాప అంచు దగ్గర ఆమె వేళ్ళు పచ్చిక పీకుతున్నాయి.

"గుంట గురువారం తవ్వాం," అంది మసీనా. "అప్పటి నుంచీ నోరు తెరుచుకుని ఉంది. దాన్ని ఖాళీగా పూడ్చలేను. అలా వదిలెయ్యలేను. ఆసుపత్రిలో పిల్ల ఒళ్ళు కాలుతుంటే, ఇక్కడ నేను ఆ గుంట చుట్టూ తిరుగుతున్నాను. ఈయన మాట్లాడడం మానేశాడు. మాయ లేకపోతే పోనీ. ఒక చెంచాడు బూడిదైనా ఇస్తే దాన్నే గుడ్డలో కట్టి పెడతాను. పిల్లకి ఒక చోటు ఉంటుంది. బూడిదేనా ఉందా, అదీ ఊరందరి చెత్తలో కలిసిపోయిందా?"

ఈ మాట సూపరింటెండెంటు అడగలేదు. కంపెనీవాళ్ళు అడగలేదు. రెండు రోజులుగా తప్పెవరిదని తనని తాను తినేసుకుంటున్న మరేటాకి కూడా తోచలేదు.

కలవలేదు. కలవడానికి వీల్లేదు. మూడో అరలో పడినదాన్ని విడిగా కాల్చాలి, విడి పీపాలోకి తియ్యాలి, పీపాకి గుర్తు బిళ్ళ అంటించాలి. పీపా ఎక్కడికి కదిలినా ఆ బిళ్ళ చెప్తూనే ఉంటుంది. ఈ యంత్రం మొత్తంలో కంపెనీవాళ్ళతో పోట్లాడి మరీ పెట్టించుకున్న ఏర్పాటు అదొక్కటే. గురువారం కొలిమిలోకి వెళ్ళింది ఆ ఒక్క అరే. పొద్దున్నే ఖాళీ పీపాకి బిళ్ళ అంటించింది తనే. అంటిస్తున్నప్పుడు అందులో పడబోయేది ఏంటో ఆలోచించలేదు.

"ఉంది," అంది మరేటా. "బూడిద ఉందమ్మా. కలవలేదు. ఆకుపచ్చ మూత ఉన్న ఇనప పీపాలో విడిగా ఉంది."

మసీనా చెయ్యి చాప అంచు మీద పడింది. ఎత్తడానికి కాదు. ఆసరాకి.

"ఎక్కడుంది?"

ఎక్కడుందో చెప్పబోయి మరేటా ఆగిపోయింది. ఇవాళ శనివారం.

శనివారం పొద్దున బూడిద బండి బయల్దేరుతుంది. వారం రోజుల పీపాలన్నీ ఎక్కించుకుని, కొండదారిన, ఈ ఊరి మీదుగానే మైదానానికి పోతుంది. అక్కడ పీపాలు బోర్లించి, మీద మట్టి తోలేస్తారు. ఖాళీ పీపా వెనక్కొస్తుంది, బిళ్ళతో సహా. ఒకసారి బోర్లించాక ఏ బూడిద ఎవరిదో ఏ సెన్సారూ చెప్పలేదు.

"ఎండ ఎంతవరకు వచ్చింది?" అని అడిగింది.

"కొబ్బరి చెట్ల మీదికి," అంది మసీనా.

అప్పుడు వినిపించింది. కింద మలుపు దగ్గర, బరువుతో ఎత్తెక్కలేక మూలుగుతున్న లారీ. తొట్టిలో ఇనప పీపాలు ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు. ఆ చప్పుడు మరేటా కళ్ళు మూసుకుని కూడా గుర్తుపడుతుంది.

ఫోన్ బండిలో ఉంది. ఫువాతినో వెనకాల ఉంది, కానీ ఆమెకి ఏ పీపానో తెలియదు. తెలిసినా, ఆ పీపాల మీద అధికారం లేని మనిషి ఎవరు చెయ్యెత్తినా డ్రైవరు పీపా దింపడు. లారీని ఆపి పీపా దింపించగలిగేది తనొక్కతే. దింపిస్తే ఏ రోజు ఏం కాలిందో, తాళం ఎందుకు తియ్యలేదో అన్నీ తెరమీదికొస్తాయి. అది ఇప్పుడు పెద్ద విషయంగా అనిపించలేదు.

మోకాళ్ళు కదిలాయి.

తండ్రి చెయ్యి వచ్చి మణికట్టు పట్టుకుంది. పడవ తాడు పట్టినట్టు పట్టుకుంది.

"లేవకు," అన్నాడు ఫిలేము, పెదవులు కదపకుండా. "ఇప్పుడు లేస్తే ఇక మూడు తరాలు మనకీ అదే పేరు."

"నాన్నా, ఆ బండిలోనే ఉంది."

"లేవకు."

లారీ గేరు మార్చింది. ఎత్తు అయిపోవస్తోంది. అది దాటితే ఊరి మధ్య దారి చదును, ఆగకుండా పోతుంది.

అదే సమయంలో ఇంటి వైపు నుంచి ఇంకో చప్పుడు వచ్చింది. తాడు లాగుతుంటే తడిక మడతలు మడతలుగా పైకి లేస్తున్న చప్పుడు. చుట్టూ చేరిన జనం గుసగుసలు తెగిపోయాయి. వెనక ఫువాతినో పెద్దగా ఊపిరి పీల్చడం వినిపించింది. అరుగు మెట్టు మీద చేతికర్ర ఆనింది. తర్వాతి మెట్టు మీద ఆనింది. తుయాలా పెద్దాయన వస్తున్నాడు. పొద్దుటి నుంచీ ఎదురుచూసింది ఈ అడుగుల కోసమే.

ఇంకొన్ని అడుగులు. ఆయన వచ్చి చాప ఎత్తేదాకా. అంతసేపు లారీ ఆగదు.

మరేటా మణికట్టు మీద ఇంకో చెయ్యి పడింది. సబ్బునీళ్ళకి బీటలువారిన చెయ్యి. అది మరేటాని పట్టుకోలేదు. ఫిలేము వేళ్ళని వెతుక్కుంది. చిటికెన వేలు విప్పింది. దాని పక్క వేలు విప్పింది.

"లోసా," అన్నాడు ఫిలేము.

లోసా బొటనవేలు కూడా విప్పేసింది. చాప కిందికి వచ్చాక కూతురివైపు ఆమె తల తిప్పడం అదే మొదటిసారి.

"లే," అంది.